వర్గమూలం లోపల వర్గమూలం: ఒక ప్రశ్న గురించి తల్లిదండ్రులతో

తల్లిదండ్రులకు నమస్కారం.

నమూనా పరీక్ష జవాబు పత్రాలు ఈపాటికి మీ చేతికి అందే ఉంటాయి. మార్కుల గురించి విడిగా మాట్లాడుకుందాం. ఈ నెల ఉత్తరాన్ని మాత్రం గణితంలో వచ్చిన ఒక్క ప్రశ్నకే కేటాయిస్తున్నాను. లెక్కలంటే ఇష్టపడే పిల్లలు కూడా అక్కడ తడబడ్డారు.

ప్రశ్న ఇది: √(7 + 4√3) + √(7 − 4√3) విలువ ఎంత? ఆప్షన్లలో √14, 2√3, 4 ఉన్నాయి. సరైన జవాబు 4.

√14 పెట్టిన పిల్లలు రెండు మూలాల కింద ఉన్నవాటిని కలిపేశారు. 4√3 కొట్టుకుపోయి 14 మిగిలింది. మూలాలను అలా కలపకూడదని వాళ్లకు ఇంకా మనసుకు ఎక్కలేదు. √9 + √16 అంటే 3 + 4, అంటే 7. √25 అంటే 5. ఈ రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే చాలామందికి అక్కడికక్కడే అర్థమవుతుంది. 2√3 పెట్టిన వాళ్ల సంగతి వేరు. వాళ్లకు పద్ధతి తెలుసు, చివరి మెట్టు మీద జారారు. పత్రం మీద రెండింటికీ పడేది ఒకే తప్పు గుర్తు. అందుకే పిల్లల చిత్తు లెక్క కూడా చూడమని మా ఉపాధ్యాయులను కోరాను, మిమ్మల్నీ కోరుతున్నాను.

పద్ధతి ఏమిటో చెప్తాను. చదువు వదిలి చాలా ఏళ్లయిన వాళ్లకు కూడా ఇది అందుతుంది. (√3 + √2) ని వర్గం చేస్తే 3 + 2 + 2√6 వస్తుంది, అంటే 5 + 2√6. మరి √(5 + 2√6) ఇచ్చి సూక్ష్మీకరించమంటే వచ్చిన దారినే వెనక్కి నడవాలి. కలిపితే 5, గుణిస్తే 6 వచ్చే రెండు సంఖ్యలు ఏవి? 3, 2. జవాబు √3 + √2. వర్గ సమీకరణాల్లో మధ్య పదాన్ని విడగొట్టేటప్పుడు పిల్లలు చేసే వెతుకులాట కూడా ఇదే. పాఠం పేరు మారేసరికి దాన్ని గుర్తుపట్టలేకపోతున్నారు, అంతే.

ఇప్పుడు 7 + 4√3. ఇక్కడ లోపలి మూలం ముందు 2 కాకుండా 4 ఉంది. ముందుగా 4√3 ని 2 × 2√3 గా చూసి, ఒక 2 ని మూలం లోపలికి 4 గా పంపి, 2√12 గా మార్చుకోవాలి. కలిపితే 7, గుణిస్తే 12 వచ్చేవి 4, 3. కాబట్టి మొదటి మూలం 2 + √3. రెండోది 2 − √3 అవ్వాలా, √3 − 2 అవ్వాలా? దేన్ని వర్గం చేసినా 7 − 4√3 యే వస్తుంది. జారుడు ఇక్కడే. √ గుర్తు ఎప్పుడూ రుణేతర విలువనే సూచిస్తుంది. √3 సుమారు 1.732, అది 2 కన్నా చిన్నది, కాబట్టి √3 − 2 రుణసంఖ్య. అది జవాబు కాలేదు. 2 − √3 తీసుకుంటే మొత్తం 4. పొరపాటున √3 − 2 తీసుకుంటే సరిగ్గా 2√3 వస్తుంది. ప్రశ్న తయారుచేసిన వాళ్లు ఆ ఆప్షన్‌ను ఊరికే పెట్టలేదు.

"పెద్ద సంఖ్యను ముందు రాయి" అన్న చిట్కా వీడియోల్లో తిరుగుతోందని, దాన్ని బట్టీ పట్టిస్తే సరిపోదా అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. చిట్కా తప్పు కాదు. కానీ √(4 + √15) ఇస్తే ఆ పిల్లవాడు ఆగిపోతాడు, ఎందుకంటే లోపలి మూలం ముందు 2 లేదు. కారణం తెలిసిన పిల్లవాడు 4 + √15 ని (8 + 2√15)/2 గా రాసుకుని, 5, 3 పట్టుకుని, (√5 + √3)/√2 కి చేరతాడు. హారాన్ని అకరణీయం చేస్తే, అంటే హారంలోని మూలాన్ని తొలగిస్తే, (√10 + √6)/2.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఇలాంటి మూలాల్లో కొన్ని ఇలా రెండు మూలాలుగా విడిపోవు. బయటి సంఖ్య వర్గం లోంచి, లోపలి మూలం కింద ఉన్న మొత్తం సంఖ్యను (మూలం ముందు గుణకం ఉంటే దాన్ని కూడా లోపలికి పంపాక) తీసేయండి. √(4 + √15) కి 16 − 15 = 1, ఖచ్చిత వర్గం, కాబట్టి విడిపోతుంది. √(5 + √3) కి 25 − 3 = 22, ఖచ్చిత వర్గం కాదు. ఎంతసేపు వెతికినా తగిన రెండు అకరణీయ సంఖ్యలు (పూర్ణాంకాలు లేదా భిన్నాలు) దొరకవు. గడియారం పరుగెత్తే పరీక్షలో ఎక్కడ ఆగాలో తెలియడం కూడా గణితమే. దీన్ని తరగతిలో విడిగా నేర్పించమని చెప్పాను.

1911లో రామానుజన్ భారత గణిత సమాజపు పత్రికలో √(1 + 2√(1 + 3√(1 + …))) విలువ ఎంత అని పాఠకులను అడిగారు. అంతులేకుండా సాగే ఆ మూలాల విలువ 3. ఎలాగంటే, 3 అంటే √9, అంటే √(1 + 2×4). ఆ 4 అంటే √16, అంటే √(1 + 3×5). ఇలా ముందుకు పోవడమే. సంఖ్యను వర్గంగా మార్చి లోపలికి చూడటం అనే అదే అలవాటు ఇక్కడా కనిపిస్తుంది. పిల్లలకు చూపించండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. జవాబు సరిచూడటం అలవాటు చేయించండి. √2 = 1.414, √3 = 1.732, √5 = 2.236. ఈ మూడు ఉజ్జాయింపులు మాత్రం కంఠతా రావాలని నేనే పట్టుబడతాను. 4√3 అంటే 6.928. అప్పుడు మొదటి మూలం √13.928, సుమారు 3.73. రెండోది √0.072, సుమారు 0.27. మొత్తం 4. అదే 2√3 అయితే 3.46 మాత్రమే. పద్ధతి మరిచిపోయినా ఈ అంచనాతో తప్పు ఆప్షన్లు తొలగిపోతాయి. పక్కన టైమర్ పెట్టి కూర్చోకండి. "ఇదే జవాబని నీకెలా తెలుసు?" అని అడిగి, చెప్పేదాకా ఓపిక పట్టండి.

తదుపరి పరీక్షకు ముందు ఈ పాఠం మళ్లీ మొదటినుంచి జరుగుతుంది. అంతదాకా ఇంట్లో చేయడానికి మూడు లెక్కలు: √(11 − 6√2), √(3 + √5), √(6 + √7). ఇందులో ఒకటి విడిపోదు. ఏది విడిపోదో, ఎందుకు విడిపోదో పిల్లలు తమ మాటల్లో రెండు వాక్యాలు రాసి గణిత ఉపాధ్యాయులకు ఇవ్వాలి. మిగతా రెండింటి జవాబుతో పాటు, ఆ జవాబును వర్గం చేసి సరిచూసిన లెక్క కూడా కాగితం మీద ఉండాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు