మా కథలక్కని మాకు తిరిగి పంపండి, మంత్రి గారూ

గ్రంథాలయ శాఖ మంత్రి గారికి నమస్కారమండీ.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ మీ ఆఫీసుకే పంపాను. రెండింటికి "మీ అర్జీ అందింది, సంబంధిత విభాగానికి పంపాం" అని ఒకటే మెసేజ్ వచ్చింది, మూడోదానికి అదీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నా, తప్పయితే క్షమించండి.

లైబ్రరీలో చంటిపిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చదివి, పాటలు పాడే స్టోరీటైమ్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మా లైబ్రరీలో అది మొదలైన రోజు మీరూ వచ్చారు, ఎవరి పాపనో ఒళ్ళో కూర్చోబెట్టుకుని అట్ట పేజీల బొమ్మల పుస్తకం చూపించారు, ఆ పాప పుస్తకం అంచు నోట్లో పెట్టుకుంటే మీరు నవ్వారు కూడా. అది ఆగిపోయిన సంగతి మాత్రం మీదాకా వచ్చినట్టు లేదు.

వారానికి ఒక్కసారి అరగంట, అంతేనండీ. మా పిల్లలంతా "కథలక్క" అని పిలుచుకునే ఆవిడ నడిపేవారు. ఒకరోజు వెళ్తే ఆవిడ కౌంటర్‌లో పుస్తకాలు ఇష్యూ చేస్తున్నారు. స్టాఫ్ తక్కువ, నెల రోజులే అన్నారు. ఏడు నెలలైంది. మేం అడగ్గా అడగ్గా పిల్లల గదిని బాగు చేస్తున్నాం, కొత్త ఏర్పాటు వస్తోంది అన్నారు, మేం నిజంగానే సంబరపడ్డాం. వచ్చిన ఏర్పాటు గోడకి ఒక పెద్ద టీవీ. అందులో రైమ్స్ వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి, పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టుకోండి, ఇదే ఇప్పుడు స్టోరీటైమ్ అన్నారు.

సార్, టీవీ ఆగదు. నా బాధంతా ఆ ఒక్క మాటలో ఉంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

కథలక్క పేజీ తిప్పబోతుంటే ఎవరో ఒక చంటిది కుక్క బొమ్మ మీద వేలు పెట్టేది. ఆవిడ ఆగేవారు. "అవును, కుక్క! ఏమంటుంది కుక్క?" అని దాని మొహంలోకి చూసి, అది నోరు తెరిచి ఏదో ఒక శబ్దం చేసేదాకా ఎదురుచూసేవారు. మూడు పేజీల పుస్తకానికి పది నిమిషాలు పట్టినా ఆవిడకి తొందర ఉండేది కాదు. నడక వచ్చిన పిల్లలు మధ్యలో లేచి గదంతా తిరిగేవాళ్ళు, మేం తల్లులం సిగ్గుపడి పట్టుకొచ్చి కూర్చోబెట్టబోతే "వదిలేయండమ్మా, తిరుగుతూ కూడా వింటారు" అనేవారు. అది నిజమే. గది చివర్లో వీపు తిప్పి నిలబడ్డ పిల్లాడు ఇంటికెళ్ళాక ఆ పాటకి చేతులాడించేవాడు. ఒకే రైమ్ మూడుసార్లు పాడేవారు, మొదటిసారి మామూలుగా, రెండోసారి నెమ్మదిగా వేళ్ళతో చూపిస్తూ, మూడోసారి ఆఖరి మాట దగ్గర ఠక్కున ఆపేసి పిల్లల వైపు చూసేవారు.

మా బాబుకి రెండేళ్ళు దాటినా మాటలు రాలేదండీ. ఇంట్లో అందరం వాడితో ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాం, వాడు చెప్పడానికి చోటే ఇవ్వలేదని నాకు అక్కడే అర్థమైంది. ఒకరోజు ఆవిడ అలా ఆపిన చోట, గదంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, నా ఒళ్ళోంచి వాడు ఆ ఆఖరి మాట అన్నాడు. సగమే పలికింది. ఆవిడ చప్పట్లు కొట్టి మళ్ళీ మొదట్నుంచి పాడారు, మళ్ళీ అదే చోట ఆపారు, మళ్ళీ అన్నాడు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు గొంతు పూడుకుపోతోంది. ఆ రోజు నుంచి నేనూ ఇంట్లో ఆపడం నేర్చుకున్నాను. స్టోరీటైమ్ పిల్లలకే అనుకుంటారు గానీ సగం మాకండీ, ఒళ్ళో బిడ్డని పెట్టుకుని పుస్తకం ఎలా పట్టుకోవాలో, చదవడం ఎక్కడ ఆపి బొమ్మ గురించి అడగాలో మాకు ఇంకెవరు చూపించారు?

ఇవి ఒక తల్లి మాటలే అనుకుంటే, 2003లో పాట్రిషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పని చూడండి. ఇంగ్లీష్ ఇళ్ళలో పెరిగే తొమ్మిది నెలల పిల్లల ముందు చైనా మాండరిన్ మాట్లాడేవాళ్ళు కూర్చుని, బొమ్మలతో ఆడిస్తూ పుస్తకాలు చదివారు, 12 సార్లు. ఆ పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడా పట్టుకున్నారు. అదే మనుషుల్ని అవే పుస్తకాలతో టీవీలో చూపించిన పిల్లలు ఏమీ పట్టుకోలేదు. ఒకే గొంతు, ఒకే పుస్తకం, ఎదురుగా మనిషి లేడు, అంతే తేడా. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ళు నిండని పిల్లలకి స్క్రీన్ వద్దంది, ఐదేళ్ళలోపు వాళ్ళకి రోజుకి గంట దాటొద్దంది, కూర్చునే సమయంలో పెద్దవాళ్ళు కథలు చెప్పి పుస్తకాలు చదవమంది. మేం ఫోన్లు పక్కన పెట్టి పిల్లల్ని లైబ్రరీకి ఎత్తుకొస్తే అక్కడ టీవీ ఉంటే మేం ఎక్కడికి పోవాలి?

ఒక అధికారి "చదవడం రాని పిల్లలకి లైబ్రరీ ఎందుకమ్మా" అన్నారు. ఆ మాట చాలా నొప్పించింది. అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య 2007లోనే పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకి లైబ్రరీ సేవలు ఎలా ఉండాలో మార్గదర్శకాలు రాసింది, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1992లోనే నెలల పసికందుల ఇళ్ళకి పుస్తకాలిచ్చే పని మొదలైంది. ఇవి మీ శాఖలో ఎవరికీ తెలీదంటే నమ్మలేను.

మూడు నాలుగేళ్ళ పిల్లలకి జరిగిన నష్టం ఇంకోరకం. వాళ్ళకి ఆవిడ "తర్వాత ఏమవుతుంది?" అని అడిగేవారు, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పేవాళ్ళు, కథ ఆ దారిన కాసేపు పోయి మళ్ళీ పుస్తకంలోకి వచ్చేది. ఇప్పుడు వాళ్ళు టీవీ ముందు నోరు మూసుకుని కూర్చుంటున్నారు. చూసినవాళ్ళు "ఎంత బుద్ధిగా ఉన్నారో" అంటున్నారు. నాకు ఏడుపొస్తోందండీ ఆ మాట వింటే.

కొత్త బిల్డింగ్ అడగట్లేదు, కొత్త స్కీమ్ అడగట్లేదు. చిరిగిన పుస్తకాలకి మేమే అట్టలేస్తాం, చాపలు మేమే దులిపి పరుస్తాం. ఆ అరగంట ఆవిడని కౌంటర్ నుంచి వదలండి. ఆవిడకి కుదరకపోతే ఇంకొకరికి నేర్పించి పంపండి, కానీ మనిషిని పంపండి. ఆ అరగంటైనా టీవీ కట్టేయించండి. ఏడు నెలలంటే మీకు చిన్న ఆలస్యం కావచ్చు, ఏడాది బిడ్డకి అది సగం జీవితం కన్నా ఎక్కువ.

పోయిన వారం కూడా వెళ్ళాం. మా బాబు కౌంటర్ దగ్గరికి పరిగెత్తి ఆవిడ ముందు ఒక పుస్తకం పెట్టి, మొదటి పేజీ తెరిచి నిలబడ్డాడు. వెనక క్యూ ఉంది. ఆవిడ వాడి వైపు చూసి, నా వైపు చూసి, ముద్ర వేసి ఇచ్చేశారు.

ఈసారి జవాబు ఇవ్వండి సార్, దయచేసి.

ఇట్లు,
లైబ్రరీకి వచ్చే ఒక తల్లి