నీలిచార వేరు, పుచ్చు వేరు

అయ్యా,

పైన్ పలకమీద నీలం చారలు కనబడితే చాలు, పుచ్చు కలప అంటగట్టారంటూ తిప్పి పంపేవాళ్లు బెంగళూరులో తక్కువేం కాదు. అసలు పుచ్చు మొదలైన పలక మాత్రం లేత గోధుమరంగులో ముచ్చటగా ఉండి ఇంట్లోకి వచ్చేస్తుంది.

బతికున్న పైన్‌లో చేవ చుట్టూ ఉండే తెల్లచెక్క నిండా నీరే, గాలి తక్కువ. గాయమైతే బంక కారి పూడుకుంటుంది. శిలీంధ్రాలకు ఎదిగే సందు దొరకదు. (చేవను లోపల్నుంచే తినే రకాలున్నాయి, ఆ కథ వేరు.) తుపానుకు చెట్టు కూలినా, బెరడు పురుగు తొలిచినా ఆ కాపలా పోతుంది. ముందు దిగేది పురుగు మోసుకొచ్చిన నీలిబూజు, ఆ నీలం చారలు దీనివే. 1990ల చివర్నుంచి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా పైన్ అడవుల్ని ఎండగట్టిన పురుగు వెంట వచ్చిందీ ఇదే. కణాల్లోని చక్కెర, పిండి తింటుంది గానీ గోడల జోలికి దాదాపు పోదు. తర్వాత వచ్చే ‘గోధుమ కుళ్లు’ శిలీంధ్రమే అసలు పుచ్చు. అది గోడలకు బలాన్నిచ్చే సెల్యులోజ్‌నే విరగ్గొడుతుంది. బరువు పదిశాతం తగ్గేసరికే బలం సగానికి పైగా పోవచ్చు.

2005 జనవరిలో గుడ్రున్ తుపానుకు స్వీడన్‌లో సుమారు 7.5 కోట్ల ఘనపు మీటర్ల కలప, ఎక్కువగా పైన్‌లాంటి స్ప్రూస్ చెట్లది, కూలింది. చాలా దుంగల్ని గుట్టలేసి నీళ్లు చల్లుతూ కాపాడారు. నీరు నిండిన చెక్కలో బూజుకు ఊపిరాడదు. అరకొరగా ఆరిన దుంగకే ముప్పు.

పరీక్ష సులువు. స్క్రూడ్రైవర్ మొనను నారకు అడ్డంగా ఆనించి, పావు అంగుళం దించి పైకి లేపండి. పొడుగాటి చీలిక టప్పున లేస్తే గట్టి చెక్క. చప్పుడు లేకుండా ముక్కగా తెగితే పుచ్చు. తేమ మీటరు పలక నడుమ పెట్టాలి, చివరలు ముందే ఆరతాయి. 20 శాతం లోపుంటే కుళ్లు సాగదు. ఫర్నిచర్‌కు 12 దగ్గర ఉండాలి.

సరుకు మోసే చెక్క ప్యాలెట్లమీది ‘హెచ్‌టీ’ ముద్రను నమ్ముకోవద్దు. చెక్క నడిబొడ్డును 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారనే దాని అర్థం. పురుగు చస్తుంది, చెక్క ఎండాలని లేదు.

నీలిచారల చెక్క బీరువా అరలకు నిక్షేపంగా పనికొస్తుంది. నీటిని తొందరగా పీలుస్తుంది కాబట్టి బయటి కిటికీలకు వద్దు. పాలిష్ కూడా ఎక్కువ తాగుతుంది, ముందు చెక్క రంధ్రాలు పూడ్చే సీలర్ ఒక పూత అదనంగా వేయించండి. దెబ్బకు ఓర్చుకునే గుణం కొంత తగ్గుతుంది, నిచ్చెనలకూ సుత్తి పిడులకూ వాడొద్దు.

– కలప పరీక్షకుడు, బెంగళూరు