కంప్యూటర్లో లైటు వెలుగుతోంది, పంపు తిరగట్లేదు: బోర్డు పోయిందనే ముందు మీటర్ పెట్టి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండలు మొదలైతే చాలు మీ పేపర్లో ఏసీ ఎంతలో పెట్టుకోవాలి, ఫ్రిజ్ గోడకి ఎంత దూరంలో ఉండాలి అని రాస్తుంటారు, మంచిదే, మా ఇంట్లో కత్తిరించి దాచుకుంటారు కూడా. కానీ ఇవాళ మా లాంటి ఊళ్లలో నెట్ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, డీటీపీ షాపులు అన్నీ కంప్యూటర్ మీదే బతుకుతున్నాయి, దాని కూలింగ్ గురించి ఒక్క ముక్క కూడా కనపడట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

మాది నరసరావుపేట, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న షాపు. మా జిల్లాలోనే ఉన్న రెంటచింతల ఎండల గురించి మీరే ఏటా రాస్తారు కాబట్టి మే నెల ఇక్కడ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పోయిన మేలో రెండు పెళ్లిళ్ల పని చేతిలో ఉండగా రెండర్ (ఎడిట్ చేసిందంతా ఒక్క వీడియోగా తయారవడం) పెట్టిన సిస్టమ్ ఠక్కున ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే రెండు మూడు నిమిషాలు, అంతే. సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని స్క్రీన్ మీద వస్తోంటే రిపేర్ షాపుకి తీసుకెళ్లాను, వాళ్లు బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్లోకి, వెళ్లి ఆ వార్నింగ్ రాకుండా ఆఫ్ చేసి, విండోస్ మళ్లీ వేసి, అయినా ఆగిపోతుంటే మదర్ బోర్డు పోయింది ప్రాసెసర్‌తో కలిపి ఇరవై వేల పైనే అవుద్ది అన్నారు. జబ్బు ఏంటో ఆ మెషీనే చెప్తుంటే దాని నోరు నొక్కేశారన్నమాట, ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అప్పు కోసం తిరుగుతుంటే మా మేనల్లుడు వచ్చాడు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తున్నాడు. "మామయ్యా, కంప్యూటర్ సంగతి నాకు తెలీదు గానీ కరెంటు ఎక్కడిదాకా వస్తోందో చూద్దాం" అన్నాడు.

నాది లిక్విడ్ కూలర్. అంటే ప్రాసెసర్ మీద చిన్న పంపు, అది నీళ్లలాంటి కూలెంట్‌ని పైపుల్లోంచి రేడియేటర్‌కి తోస్తుంది, అక్కడ ఫ్యాన్లు వేడిని బయటికి పంపిస్తాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పంపు మీద రంగుల లైటు కూడా వెలుగుతోంది, అందుకే ఎవరికీ అనుమానం రాలా. కానీ బయోస్ స్క్రీన్‌లో చూస్తుండగానే ప్రాసెసర్ వేడి 60, 74, 88 డిగ్రీలు అని ఎక్కుతోంది, పంపు స్పీడు దగ్గర సున్నా. ప్రాసెసర్ అంత కాలిపోతుంటే రేడియేటర్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, పైపులూ అంతే, పంపు మీద వేలు ఆనిస్తే చిన్న అదురు కూడా లేదు. నీళ్లు కదలట్లేదని అక్కడే తెలిసిపోయింది. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి రాగానే స్పీడు తగ్గించుకుంటాయి, అయినా వేడి ఆగకపోతే మెషీన్ తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది, అంతేగానీ బోర్డు పోయి కాదు.

తర్వాత వోల్టేజీ చూసే మీటర్ పెట్టాడు. పంపుకి కరెంటిచ్చే సాటా కనెక్టర్ దగ్గర ఎర్ర వైరుకీ నల్ల వైరుకీ మధ్య 5 వోల్టులు సరిగ్గా ఉన్నాయి, లైటు వెలిగేది దాంతోనే. పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య 12 ఉండాలి (11.4 నుంచి 12.6 దాకా పర్లేదు), అక్కడ సున్నా, పంపు తిరిగేది దాంతో. పవర్ సప్లై (మెషీన్ మొత్తానికి కరెంటిచ్చే డబ్బా) నుంచి నేరుగా వచ్చే ఇంకో కనెక్టర్‌లో చూస్తే 12.1 ఉంది. అంటే సప్లై బాగానే ఉంది, మధ్యలో హార్డ్ డిస్క్ కోసం ఎప్పుడో వేయించిన చవక స్ప్లిటర్ (ఒక కనెక్షన్‌ని రెండుగా చీల్చే వైరు) దగ్గరే తేడా. స్విచ్చాపి దాన్ని లాగితే పసుపు వైరు ఊడి వాడి చేతిలోకి వచ్చేసింది, కొసన రాగి నల్లబడింది, ప్లాస్టిక్ మాడి గోధుమ రంగుకి తిరిగింది. కొంచెం లూజైతే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా లూజవుతుంది, ఇంకొన్నాళ్లుంటే మంటే అంటుకునేదేమో. పంపుని నేరుగా సప్లైకి తగిలించాడు, రెండర్ పెట్టినా 80 దాటలా. ఖర్చు సున్నా.

రిపేర్ చేసే వాళ్లందరూ మోసగాళ్లని నేననను, ఎండలో కూర్చుని నిజాయితీగా చేసేవాళ్లు బోలెడుమంది. నా మొర ఒకటే, బోర్డు పోయిందనే ముందు కస్టమర్ ఎదురుగా మీటర్ పెట్టి చూపించండి, మార్చిన పాత పార్టు తిరిగివ్వండి. కేంద్రం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ (వస్తువుల రిపేర్ సమాచారం ఉండే వెబ్‌సైట్) పెట్టింది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఈ రెండూ మా వీధిలో ఎవరికీ తెలీవు.

ఏప్రిల్ రాకముందే మీరు అరపేజీ వేయండి సార్. చెయ్యి పెట్టి చూడ్డం, మీటర్ పెట్టి చూడ్డం, వార్నింగ్ ఆఫ్ చేయకపోవడం, ఇవి బొమ్మలతో వేస్తే చాలు. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దని పెద్దక్షరాలతో వేయండి, ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది, షాక్ కొడుతుంది.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.