బాబాయికి, సిడ్నీ లుమెట్ గురించి

క్వీన్స్, న్యూయార్క్

బాబాయి గారికి నమస్కరించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. పిన్నికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయని అమ్మ చెప్పింది, మనసు కుదుటపడింది. ఈ ఏడు పరిషత్తుకు నాటిక వెయ్యడం లేదని, కుర్రాళ్ళు రిహార్సల్సుకు సరిగా రావడం లేదని, ఈ వయసులో ఇంక మీవల్ల కాదని మీరన్నట్టు కూడా అమ్మే చెప్పింది. ఫోన్లో ఈ ఊసెత్తితే "సర్లేరా, మళ్ళీ చూద్దాం" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నాకు ప్రాణమైన ఒక డైరెక్టరు గురించి మీకు చెప్పాలి.

ఆయన పేరు సిడ్నీ లుమెట్. 1924లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) రంగస్థలం వాళ్ళు. ఆయనా చిన్నతనంలోనే మొహానికి రంగేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి, రాడార్లు బాగుచేసే పని మీద మన దేశంలోనూ బర్మాలోనూ ఉన్నాడు. తిరిగొచ్చాక నాటకాలు, ఆ తర్వాత టీవీ. అప్పటి టీవీ అంటే లైవే. మాట తడబడినా, తలుపు తెరుచుకోకపోయినా జనం ముందే జరిగిపోతుంది, రీటేకు లేదు. ఆ బళ్ళో చదువుకున్నవాడు గనకనే రిహార్సల్ అంటే ఆయనకంత పట్టుదల.

మొదటి సినిమా 1957లో వచ్చింది, ట్వెల్వ్ యాంగ్రీ మెన్. పన్నెండు మంది జ్యూరీ, అంటే కోర్టులో దోషా కాదా అని తేల్చడానికి పిలిచిన మామూలు మనుషులు, ఒక గది, గంటన్నర పైన ఆరు నిమిషాలు. తండ్రిని చంపాడని నేరం మోపిన ఒక కుర్రవాడి ప్రాణం వాళ్ళ చేతుల్లో ఉంటుంది. పదకొండు మంది దోషి అంటారు, ఒక్కడు మాత్రం కాసేపు మాట్లాడుకుందాం అంటాడు. మన దగ్గర జ్యూరీలు ఎప్పుడో పోయాయి గానీ ఈ కథ తెలుసుకోవడానికి ఆ చట్టం తెలియక్కర్లేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరినీ మన ఊరి రచ్చబండ దగ్గర మీరు చూసే ఉంటారు. ఒకడికి ఆటకు టైమవుతోందని తొందర, ఒకడికి కొడుకు మీద కోపం, ఒకడికి పేటల్లో పుట్టినవాళ్ళంటేనే ఏవగింపు.

బాబాయీ, ఆ గదిలో ఆయన ఏం చేశాడో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సినిమా మొదటి మూడోవంతు కెమెరాని మనుషుల కళ్ళకంటే ఎత్తులో పెట్టాడు. రెండో మూడోవంతుకు కళ్ళ ఎత్తుకి దించాడు. చివరికొచ్చేసరికి ఇంకా కిందికి దించాడు, దాంతో వాళ్ళ తలల మీద పైకప్పు కనిపించడం మొదలవుతుంది. లెన్సులు కూడా అంతే, పోనుపోను పొడుగువి వాడాడు. పొడుగు లెన్సు వేస్తే వెనకున్న గోడ మనిషి వీపు దాకా జరిగొచ్చినట్టు ఉంటుంది. గది అంగుళం తగ్గలేదు, కానీ చూసేవాడికి ఊపిరాడదు. కారణం మాత్రం తెలియదు. నేను చాలాసార్లు చూసిన తర్వాత, ఆయన రాసుకున్న పుస్తకం చదివితే గానీ నాకూ తెలియలేదు. చివర్లో తీర్పు అయిపోయి వాళ్ళు బయటి మెట్ల మీదికి వచ్చేటప్పుడు ఒక్కసారి వెడల్పాటి లెన్సు వేశాడు. వాన వెలిసి ఉంటుంది. మనమూ వాళ్ళతోపాటు గుండెలనిండా గాలి పీల్చుకుంటాం.

ఆ మెట్లున్న కోర్టు మాన్‌హట్టన్‌లో ఫోలీ స్క్వేర్ దగ్గర ఇప్పటికీ అలాగే ఉంది. ఆ పక్కకి పనిపడి వెళ్ళినప్పుడల్లా కాసేపు ఆ స్తంభాల కింద నిలబడి వస్తాను.

ఇంకో సంగతి. నాలుగు గోడల సెట్టు, కెమెరా ఎటు తిప్పితే అటు మళ్ళీ లైట్లన్నీ మార్చాలి. డబ్బు తక్కువ, రోజులు తక్కువ. అందుకని ఒక కుర్చీకి లైటింగ్ పెట్టారంటే, సినిమా మొత్తంలో ఆ కుర్చీలో జరిగేదంతా తీసేసి గానీ పక్క కుర్చీకి పోలేదు. అంటే మాట్లాడుకుందాం అన్న ఆ ఒక్కడిగా వేసిన హెన్రీ ఫోండా, కొడుకు మీద కోపమున్నవాడిగా వేసిన లీ జె. కాబ్ ఎదురెదురుగా అరుచుకునే చోట ఒకాయన మాటలు ఇవాళ తీస్తే రెండో ఆయన జవాబు వారం పైచిలుకు తర్వాత తీశారు. తెర మీద చూడండి, ఎక్కడైనా అతుకు కనిపిస్తుందేమో! వేడి ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుంటారు. అదంతా షూటింగుకి ముందు రెండు వారాలు చేసిన రిహార్సల్ మహిమ. ఎవరు ఏ మాటకి ఎంత మండాలో ఒళ్ళు గుర్తుపెట్టుకునేదాకా చేశారు. పోర్షన్ కంఠతా వచ్చినంత మాత్రాన నటుడు కాలేడని మీరు మా అందరినీ తిట్టేవారే, అదే మాట.

ఆయన రిహార్సల్స్‌కి వాడిన హాల్లో ఒకటి ఇక్కడ సెకండ్ అవెన్యూలో ఉక్రెయిన్ వాళ్ళ భవనంలో ఉంది. హంగూ ఆర్భాటం లేని చోటు. నేల మీద రంగురంగుల టేపులతో సెట్టు గీయించేవాడట. ఇది తలుపు, ఇది బల్ల, ఇది గోడ, దాటకూడదు. ఆ మాట చదవగానే నాకు స్కూల్లో మీరు చాక్‌పీసుతో గీసిన గీతలు కళ్ళ ముందు కదిలాయి. గోడలోంచి నడిచి వెళ్ళినందుకు నన్ను వీపు మీద ఒకటి వేసిన సంగతి మీకు గుర్తుందో లేదో!

1975లో వచ్చిన డాగ్ డే ఆఫ్టర్‌నూన్ కూడా మీరు చూసి తీరాలి. 1972 ఆగస్టులో బ్రూక్లిన్‌లో నిజంగా జరిగిన బ్యాంకు దోపిడీ. ఎండాకాలం కథని చలికాలం ముంచుకొస్తున్నప్పుడు తీశారు. నోట్లోంచి ఆవిరి కనపడకూడదని నటులు ఐసు ముక్కలు నోట్లో పెట్టుకుని మాట్లాడేవారట. మొదట్లో వచ్చే పాట తప్ప నేపథ్య సంగీతం లేదు. అందులో దొంగగా వేసిన అల్ పచినో ఫోన్లో మాట్లాడే ఘట్టం ఉంది. రెండు ఫోన్లు ఒకదాని వెంట ఒకటి, రెండూ కలిపి ఒక ఫిలిం రీలులో పట్టవు. లుమెట్ రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టించి, ఒకదాంట్లో ఫిలిం అయిపోయే వేళకు రెండోది తిప్పించాడు, నటుడు ఎక్కడా ఆగక్కర్లేకుండా. టేకు బ్రహ్మాండంగా వచ్చింది. అయినా కట్ చెప్పి వెంటనే మళ్ళీ చెయ్యమన్నాడు. పచినో అప్పటికే సోలిపోయి ఉన్నాడు. ఆ సోలిపోవడమే ఆ పాత్రకి కావాలి. సినిమాలో ఉన్నది ఆ రెండోదే. నటుడి దగ్గర ఏముందో నటుడికంటే ముందు తెలిసినవాడే డైరెక్టరు అని నేను నమ్మేది ఆ ఘట్టం చూసే.

ఆ మరుసటేడు వచ్చిన నెట్‌వర్క్ గురించి ఎక్కువ రాయను. టీవీ వార్త జనం కోపాన్ని సరుకు చేసి అమ్ముకుంటుందని అప్పుడే చూపించింది. మొదట్లో మామూలు వెలుతురుతో తీసి, పోనుపోను టీవీ ప్రకటనల్లాగా మెరిసేట్టు చేశాడు. రాత్రి తొమ్మిదింటి చర్చలు చూసే అలవాటు మీకుంది కాబట్టి మీకే తెలుస్తుంది.

నాలుగుసార్లు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ పోటీలో నిలిచాడు, ఒక్కసారీ రాలేదు. చివరికి 2005లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఇక్కడ చాలామంది ఈయనకి సొంత ముద్ర లేదంటారు. నేను ఒప్పుకోను. పనితనం కనపడకుండా చెయ్యడమే ఆయన ముద్ర. ట్వెల్వ్ యాంగ్రీ మెన్ చివర్లో, అందరికంటే మొండిగా అరిచిన కాబ్ కుప్పకూలి ఏడుస్తాడు. ఇంతసేపు అతనితో పోట్లాడిన ఫోండా వెళ్ళి అతని కోటు తీసి వెనకనుంచి తొడుగుతాడు. ఒక్క మాట ఉండదు. లుమెట్ మనకి ఆ కోటు తప్ప ఇంకేదీ కనపడనివ్వలేదు. నాకది ఎన్నిసార్లు చూసినా కన్నీళ్ళు ఆగవు.

ఇంక అసలు విషయం. ఆయన చివరి సినిమా 2007లో వచ్చింది. అప్పటికి ఆయనకు ఎనభై మూడేళ్ళు. ఫిలిం మానేసి, కొత్తగా వచ్చిన డిజిటల్ కెమెరాతో, కుర్రాళ్ళకంటే హుషారుగా తీశాడు. 2011లో పోయాడు. మీకింకా డెబ్బై రెండే బాబాయీ.

మీ దగ్గర ఆ ఆస్పత్రి వరండా నాటిక రాసిపెట్టి ఉంది. ఒకే సెట్టు, ఐదుగురు మనుషులు. కుర్రాళ్ళు రాకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదేమో, రోజుకో చోట, రోజుకో వేళ అంటే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి కుదరదు. ఒకే హాలు, ఒకే టైము, వరసగా పదిహేను రోజులు పెట్టి చూడండి. తండ్రి వేషం మీరే కట్టండి, ఇంకెవరూ చెయ్యలేరు. సంక్రాంతికి మా ఫ్రెండొకతను ఊరొస్తున్నాడు, ఈ సినిమాల డిస్కులు అతనితో పంపుతున్నాను, కింద ఇంగ్లీషులో మాటలు పడతాయి. హాలు అద్దె, సాయంత్రం పిల్లలకి టిఫిన్ల ఖర్చు నాది. పదిహేను రోజులకి ఎంతవుతుందో కనుక్కుని రాయండి, వెంటనే పంపుతాను.

పిన్నికి నమస్కారాలు. చెల్లికి, పిల్లలకి ఆశీస్సులు.

ఇట్లు,
మీ అబ్బాయి
రవి