రెండు మూడు వేల మంది వాడే యాప్‌కి ఏబీ టెస్టింగ్ దేనికి?

ఎడిటర్ గారికి నమస్కారం,

విశాఖ స్టార్టప్‌ల మీద మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివానండి. ఇప్పుడంతా డేటానే, జనాన్ని అడగక్కర్లేదు, ఏబీ టెస్టింగ్ పెడితే చాలు అన్నట్టు రాశారు, అక్కడే నాకు అభ్యంతరం. నేను మధురవాడ వైపు ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను, రోజూ చూసేది ఇదే.

తెలీనివాళ్ల కోసం చెప్తున్నా, యాప్ వాడేవాళ్లని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి ఒకరికి పాత స్క్రీను, ఇంకొకరికి కొత్తది చూపించి ఎవరు ఎక్కువ కొన్నారో లెక్కేస్తారు, అంతే. గొప్ప పద్ధతే, కాదనను. 2012లో మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో యాడ్ హెడ్డింగ్ చూపించే తీరు కాస్త మార్చి టెస్ట్ చేస్తే ఆదాయం 12 శాతం పెరిగింది, ఒక్క అమెరికాలోనే ఏడాదికి పది కోట్ల డాలర్ల పైమాట. సర్వేలో అడిగితే ఇది ఎవరు చెప్పగలరు?

కానీ బింగ్‌కి ఉన్నంత జనం మనకెక్కడ ఉన్నారండీ? వందలో 5గురు ఆర్డర్ పూర్తి చేస్తున్నారనుకోండి, కొత్త స్క్రీను దాన్ని ఐదున్నరకి పెంచిందో లేదో నమ్మకంగా తేల్చాలంటే ఒక్కో గుంపులో దాదాపు 30 వేల మంది కావాలి. నెలకి రెండు మూడు వేల మంది వచ్చే యాప్‌కి ఆ లెక్క తేలేసరికి ఏళ్లు పడుతుంది. అంత ఓపిక ఎవరికుంది, మూడో రోజుకే కొత్తది ముందుందని టెస్ట్ ఆపేసి గెలిచామంటారు, అది లెక్క కాదు, మనకి కావాల్సిన జవాబు వచ్చేదాకా తొంగిచూడటం. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్.రావు గారు మ్యాథ్స్ చదువుకున్న ఆంధ్రా యూనివర్సిటీ ఉన్న ఊళ్లో ఈ పని జరుగుతుంటే బాధేస్తుంది.

నేను చూసిన ఒక డెలివరీ యాప్‌లో బటన్ రంగు మార్చి మార్చి టెస్టులు పెట్టారు, ఏమీ తేలలేదు. చివరికి పెదవాల్తేరులో ఒకావిడ పక్కన కూర్చుని చూస్తే, వస్తువులన్నీ చకచకా ఎంచుకున్నారు, అడ్రస్ పేజీ దగ్గర ఆగిపోయారు. "డోర్ నంబరు నాకేటి తెలుసమ్మా, పోలమాంబ గుడెనకాల అంటే ఎవులైనా సెప్తారు" అన్నారు. ఆ గడి నింపకపోతే ముందుకెళ్లదు. బటన్ దాకా రానివాళ్లకి దాని రంగు ఏదైతే ఏంటి?

అలాగని సర్వే ఫారం పంపేస్తే పనైపోతుందనీ కాదు. ఇంగ్లీషులో పంపితే ఇబ్బంది పడేవాళ్లు దాన్ని తెరవనే తెరవరు, మొహం మీద అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. ఇలాంటి ఫీచర్ పెడితే వాడతారా అంటే అందరూ వాడతామనే చెప్తారు, తీరా పెట్టాక ముట్టరు. అడిగితే జరిగిందే అడగాలి, పోయినసారి ఎప్పుడు ఆర్డర్ పెట్టారు, ఎక్కడ ఆగారు, ఆగాక ఫోన్ చేశారా కొట్టుకే వెళ్లారా అని, అదీ తెలుగులో.

అందుకే మన ఊరి కంపెనీలు ముందు ఓ పది మంది దగ్గర కూర్చుని చూడాలి, వాడేవాళ్లు లక్షల్లోకి వచ్చాక ఎన్ని ఏబీ టెస్టులైనా పెట్టుకోవచ్చు. మీరు కూడా ఈసారి ఏ కంపెనీ టెస్టింగ్ గురించి రాసినా, ఎంతమంది మీద ఎన్ని రోజులు చేశారో అడిగి ఆ అంకె వేయండి.

ఇట్లు,
ఒక టెస్టింగ్ ఉద్యోగిని,
మధురవాడ, విశాఖపట్నం