పిల్లల చేతికి బండి తాళాలిచ్చే ముందు ఇది చదవండి

అందరికీ నమస్తే. నిన్న సాయంత్రం మన సెల్లార్ ర్యాంప్ మీద ఒక తొమ్మిదో క్లాస్ బాబు స్కూటీ మీద ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుని ఒక్కసారిగా పైకొచ్చాడు, వాచ్‌మన్ చిన్నపాప అక్కడే ఆడుకుంటోంది, వాళ్ళమ్మ చెయ్యి పట్టి లాగింది కాబట్టి సరిపోయింది. ఎవరి బాబో ఇక్కడ రాయను, కానీ చట్టం సంగతి అందరం తెలుసుకోవాలి.

2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఏ అని సెక్షన్ తెచ్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులో బండి ఓనరో దోషి కింద లెక్క, 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 ఫైన్, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు క్యాన్సిల్, ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. "మాకు తెలీకుండా తీసుకెళ్ళాడండీ" అంటే కుదరదు, మనమే ఇచ్చామని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మనమే. తాళాలు టీవీ పక్కన మేకుకి వేలాడుతుంటే ఏం నిరూపిస్తాం చెప్పండి!

16 ఏళ్ళకే నడపొచ్చు కదా అంటారు కొందరు, అది గేర్లు లేని 50 సీసీ లోపు బండికే, దానికీ లైసెన్స్ ఉండాలి, మన పెట్రోల్ స్కూటీలన్నీ 50 దాటినవే.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమా వద్దు. దెబ్బ తగిలినవాళ్ళకి కంపెనీతో కట్టించినా, ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్తుంటాయి.

కూకట్‌పల్లి ట్యూషన్‌కి నలుగురైదుగురు పిల్లలకి కలిపి ఆటో మాట్లాడదాం, గేటు దగ్గర మైనర్లని బండితో వదలొద్దని వాచ్‌మన్‌కి చెప్దాం, సరే అనేవాళ్ళు ఇక్కడే రాయండి, ఆదివారం మీటింగ్‌లో ఫైనల్ చేద్దాం.