గింజ నానిన నీళ్లను కూడా కొలవండి

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి, కోనసీమ కాలువ శివారు నుంచి ఒక రైతు నమస్కరించి రాస్తున్నది.

సార్వా కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే మేం మినుములు చల్లుతాం. దుక్కి ఉండదు, తడి పెట్టేదీ లేదు. నేలలో మిగిలిన పదునే ఆ పంటకు ఆధారం. గింజ మొలవలేదని తెలిసేసరికి ఆ పదును ఆరిపోతుంది, మళ్లీ చల్లే వీలుండదు.

నిరుడు నాకు అదే జరిగింది. సంచికి కట్టిన చీటీ మీద మొలక కనీసం 75 శాతమని ఉంది. చేలో చూస్తే జానెడుకొక మొక్క. కొట్టువాడు పదును తక్కువైందన్నాడు. పరీక్షకు పంపుదామంటే మినుము మొలక తుది లెక్కకే 7 రోజులు పడుతుంది, దారి ఖర్చూ ఆలస్యమూ వేరు. ఫలితం వచ్చినా నా చేలో గడ్డికే పనికొచ్చేది.

ఈసారి చల్లకముందే మినరల్ వాటర్ ప్లాంటు నడిపే మా బావమరిది దగ్గర, నీటిలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు అడిగి తెచ్చాను. నిజానికి అది కొలిచేది నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నదే. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌ను రెండు గాజు గ్లాసుల్లో సమంగా పోసి, ఒక దాంట్లో ఇంట్లో దాచిన మినుములు 50, రెండో దాంట్లో కొన్నవి 50, సమాన తూకంలో వేశాను. తెల్లారేసరికి రెండో గ్లాసు నీళ్లు పల్చటి టీ రంగుకు తిరిగాయి, మీటరు అంకె దాదాపు రెట్టింపు. తడిగుడ్డలో మూట కట్టినప్పుడూ ఆ గింజలే వెనకబడ్డాయి.

ఇందులో మంత్రమేమీ లేదు. పాతబడిన, దెబ్బతిన్న గింజలో కణాల పొర సడలిపోతుంది. నానగానే పొటాషియం వంటి లవణాలు నీటిలోకి కారిపోతాయి, నీటి విద్యుత్ వాహకత పెరుగుతుంది. బఠాణీ, సోయా, కాబూలీ శనగ విత్తనాల సత్తువను, అంటే చేలో బలంగా మొలిచే శక్తిని, అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం ఇలాగే చూస్తుంది: 20 డిగ్రీల వద్ద 24 గంటలు నానబెట్టి, వచ్చిన అంకెను గింజల బరువుతో భాగిస్తారు.

దీనికీ లొసుగులున్నాయి. పొట్టు గట్టిపడిన గింజ నీరు పీల్చదు కాబట్టి ఉప్పూ వదలదు, అంకె బాగుందని మోసపోతాం. మందు పట్టించిన విత్తనానికి మందు లవణాలే అడ్డొస్తాయి. పైగా ఇది సత్తువ చెబుతుంది, మొలక శాతం కాదు. అందుకే 7 రోజుల పరీక్షను తీసేయమనడం లేదు. దానికి ముందు జల్లెడగా దీన్ని వాడమంటున్నాను.

భూసార పరీక్ష కార్డులో విద్యుత్ వాహకత అనే గడి ఇప్పటికే ఉంది, అంటే మీటరు మీ ప్రయోగశాలల్లో ఉన్నట్టే. లేనిది మినుముకు ఏ అంకె దాటితే చల్లకూడదన్న హద్దు. ఎల్‌బీజీ 752 వంటి మినుము రకాలను ఇచ్చిన, గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన స్థానం వంటివారికి ఆ పని అప్పగించండి. తేలాక ప్రతి మండలంలో ఒక రైతు సేవా కేంద్రానికి మీటరు, డిస్టిల్డ్ వాటర్, చల్లటి గది ఇవ్వండి. అమ్మకానికి వచ్చిన ప్రతి లాట్ అంకెను గోడ మీద రాయించండి. చల్లే ముందు రోజు చూసుకుంటాం.

నవంబరులోగా ఒక్క మండలంలో మొదలుపెట్టినా చాలు. గింజలు, గాజు గ్లాసులు నేను తెచ్చుకుంటాను. మా బావమరిది మీటరు మాత్రం తిరిగి ఇచ్చేయాలి.

ఇట్లు,
ఒక మినుము రైతు